మహానగరంలో సెల్‌ఫోను: ఏ సంస్థను ఎన్నుకోవాలి?

మానవుడు సంఘజీవి. తోటివారితో మాట కలపనిదే అతనికి పొద్దు గడవదు, పని సాగదు. దూరాన ఉన్నవారికి కబురు అందించడానికి అతడు వార్తాహరులను నడిపించాడు, పావురాలను ఎగురవేశాడు, తపాలాను ఏర్పరచుకున్నాడు, తంతి తీగలు లాగాడు. ఆ తంతి సేవ మన దేశంలో 2013 జూలైలో ముగిసిపోయింది. నేడు ఈ పనులన్నింటినీ అరచేతిలో ఇమిడే చిన్న యంత్రమొకటి నెరవేరుస్తున్నది.

1995 జూలై 31వ తేదీన పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుండి ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో సెల్‌ఫోనులో మాట్లాడారు. మన దేశంలో సెల్‌ఫోను చరిత్ర ఆ సంభాషణతో ఆరంభమైనది. ఆనాడు అది ధనికుల వస్తువు. బయటినుండి వచ్చే కాల్‌కు సైతం రుసుము చెల్లించవలసి వచ్చేది. 2003 మే నెలలో గాని ఆ భారం తొలగలేదు.

ఇప్పుడు పరిస్థితి పూర్తిగా మారింది. దోస్త్ ద్వారా డిగ్రీలో చేరాలన్నా, జాతీయ ఉపకారవేతనాల పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవాలన్నా, బ్యాంకు ఖాతా నుండి పరీక్ష రుసుము చెల్లించాలన్నా సెల్‌ఫోనుకు వచ్చే ఓటీపీ కావాలి. ఓటీపీ ఆయుర్దాయం కొద్ది నిమిషాలే. ఆ నిమిషాలలో ఫోనుకు సిగ్నల్ అందకపోతే మార్కులు, అర్హత, ధ్రువపత్రాలు అన్నీ ఉన్న విద్యార్థి కూడా గడప అవతలనే నిలిచిపోతాడు. గడువు ముగిసే రోజులలో ఫోను చేతబట్టుకొని మేడమీదికీ గల్లీలోకీ పరుగులు తీసే పిల్లలను మేము ఏటేటా చూస్తూనే ఉన్నాము. కనుక ఏ సంస్థ సిమ్ తీసుకోవాలి అనేది నేడు విలాసానికి సంబంధించిన ప్రశ్న కాదు. చదువుకు సంబంధించిన ప్రశ్న. మన హైదరాబాదు నగరాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని విద్యార్థి మిత్రులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రశ్నలోనే ఉన్న లోపం

“సార్, ఏ నెట్‌వర్క్ మంచిది?” అని విద్యార్థులు తరచుగా అడుగుతారు. ఎక్కడికి వెళ్ళాలో చెప్పకుండా ఏ బస్సు మంచిది అని అడిగితే ఎట్లా ఉంటుందో ఈ ప్రశ్న కూడా అట్లాగే ఉంటుంది. మెహిదీపట్నంలో చక్కగా పనిచేసే సంస్థ మలక్‌పేటలో మూగపోవచ్చు. ఒకే వీధిలో మొదటి ఇంటికి అందే సిగ్నల్ పదవ ఇంటికి అందకపోవచ్చు. అంతదాకా ఎందుకు, ఒకే ఇంటిలో ముందు వరండాలో స్పష్టంగా వినిపించే గొంతు వెనుక గదిలో తెగిపోవచ్చు. అందుచేత సిగ్నల్ అనేది సంస్థకు మాత్రమే చెందిన గుణం కాదు. అది స్థలానికి చెందిన గుణం. దేశమంతటికీ తామే ప్రథములమని చాటుకునే ప్రకటనలు నిజమే కావచ్చు, కాని ఆ నిజం మన ఇంటి గోడలు దాటి లోపలికి వస్తుందన్న హామీ ఏదీ లేదు.

సెల్‌ఫోను పనిచేసే తీరు

ఈ విషయం బోధపడాలంటే సెల్‌ఫోను ఎట్లా పనిచేస్తుందో కొంత తెలుసుకోవాలి. ‘సెల్’ అనగా గది. సంస్థలు నగరాన్ని తేనెపట్టు గదులవలె చిన్న చిన్న భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క టవరు నియమిస్తాయి. మనం నడుస్తూనో బస్సులోనో ఒక గది నుండి మరొక గదికి పోయినప్పుడు, సంభాషణ తెగకుండా ఒక టవరు మరొక టవరుకు మనలను అప్పగిస్తుంది. ఫోనుకూ టవరుకూ మధ్య తీగ లేదు. రేడియో తరంగాలే రాకపోకలు సాగిస్తాయి.

ఈ తరంగాలు దూరంతో పాటు శీఘ్రంగా క్షీణిస్తాయి. ఏ అడ్డూ లేని బయలులో కూడా దూరం రెండింతలైతే శక్తి నాలుగవ వంతుకు పడిపోతుంది. భవనాలు క్రిక్కిరిసిన నగరంలో ఇంకా వేగంగా పడిపోతుంది. అదీగాక సంభాషణ అన్నది రెండు వైపులా జరగవలసిన పని. టవరు పదుల వాట్ల శక్తితో మాట్లాడుతుంది. మన 4జి ఫోను శక్తి వాటులో ఐదవ వంతు మాత్రమే. అందువల్లనే ఒక్కొక్కసారి అవతలివారి మాట మనకు వినిపిస్తుంది గాని మన మాట వారికి చేరదు. ఇటువంటి చోట ఫోను తన శక్తినంతా వెచ్చించి అరవవలసి వస్తుంది కనుక బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుంది.

తరంగాలలో కూడా భేదాలున్నాయి. తక్కువ పౌనఃపున్యం గల తరంగం పొడవుగా ఉంటుంది. 900 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 33 సెంటీమీటర్లు. 2300 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 13 సెంటీమీటర్లు. 5జికి ఎక్కువగా వాడే 3500 మెగాహెర్ట్జ్ తరంగానిది తొమ్మిది సెంటీమీటర్లకు లోపే. పొడవైన తరంగం దూరం పోగలదు, గోడలలో నుండి మెరుగుగా చొరబడగలదు. కాని అది మోయగల సమాచారం సాధారణంగా తక్కువ. పొట్టి తరంగాల వద్ద సంస్థలకు విశాలమైన బాట లభిస్తుంది కనుక ఎక్కువ సమాచారం మోయగలవు. కాని గోడ అడ్డువస్తే తొందరగా నీరసిస్తాయి. వీధిలో అమితవేగంతో పనిచేసిన 5జి ఇంటి లోపల అడుగుపెట్టగానే నిలిచిపోవడానికి ఇదే ముఖ్య కారణం.

మన నగరం, దాని గోడలు

హైదరాబాదు రాళ్ళమీద వెలసిన నగరం. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వంటి చోట్ల గుట్ట ఒక వైపున ఉన్న టవరు వెలుగు రెండవ వైపున పడదు. పల్లంలో ఉన్న ఇళ్ళు సిగ్నల్ నీడలో ఉండిపోతాయి. 1591లో చార్మినారు చుట్టూ రూపుదిద్దుకున్న పాతనగరంలో సమస్య వేరు. అక్కడ గల్లీలు ఇరుకు, ఇళ్ళు ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. పాత దేవిడీల గోడలు రాతితో, సున్నంతో కట్టినవి. వాటి మందం నేటి ఇటుక గోడలకు ఎన్నో రెట్లు. వేసవిలో ఆ గోడలు ఎండను ఎట్లా ఆపుతాయో ఫోను తరంగాలనూ అట్లాగే ఆపుతాయి. ఇనుపరేకుల కప్పు ఉన్న గదులలోనూ ఇదే స్థితి. లోహం తరంగాన్ని లోనికి రానీయక వెనుకకు తిప్పికొడుతుంది.

పడమటి దిక్కున గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ప్రాంతాలలో లేచిన ఆకాశహర్మ్యాలకు మరొక చిక్కు ఉన్నది. వేడిని ఆపడానికి అద్దాలకు పలుచని లోహపు పూత పూస్తారు. ఆ పూత సిగ్నల్‌ను కూడా ఆపుతుంది. పైగా టవర్ల మీది ఆంటెన్నాలు నేలవైపుకు వంగి ఉంటాయి. ఇరవయ్యవ అంతస్తులో ఉన్నవారికి దగ్గరి టవరు కాళ్ళకింద ఉండిపోయి, దూరపు టవర్లు అనేకం ఒకేసారి కనిపిస్తాయి. ఎవరి మాట వినాలో తెలియక ఫోను తికమకపడుతుంది. అందువల్ల ఎత్తు పెరిగితే సిగ్నల్ పెరుగుతుందన్న నమ్మకం అన్నివేళలా నిజం కాదు. ఇక భూమికి దిగువన ఉండే సెల్లార్ల సంగతి చెప్పనక్కరలేదు. ఒక్క మేలేమిటంటే, 2017 నవంబరులో ఆరంభమైన మన మెట్రో రైలు ఇప్పటికి నడుస్తున్న మార్గాలన్నీ స్తంభాల మీదనే ఉన్నాయి. సొరంగాలు లేనందువల్ల ఢిల్లీ మెట్రోలో వలె భూగర్భ స్టేషన్లకు ప్రత్యేక ఏర్పాట్లు చేయవలసిన అవసరం ఇక్కడ కలుగలేదు.

గీతలను నమ్మవచ్చునా?

ఫోను పైభాగాన కనిపించే నాలుగైదు గీతలను చూసి సిగ్నల్‌ను అంచనా వేయడం మనకు అలవాటు. ఆ గీతలకు అందరూ అంగీకరించిన కొలమానం లేదు. ఎంత శక్తికి ఎన్ని గీతలు చూపాలో ఫోను తయారుచేసినవారి ఇష్టం. 2010 జూలై 2న ఆపిల్ సంస్థ తమ ఐఫోను గీతలను లెక్కకట్టే సూత్రమే తప్పు అనీ, అనేక సందర్భాలలో రెండు గీతలు అదనంగా చూపుతున్నదనీ బహిరంగంగా ప్రకటించింది. కావున ఇద్దరు మిత్రులు తమ ఫోన్లలోని గీతలను పోల్చుకొని సంస్థల గుణదోషాలను నిర్ణయించడం సరికాదు.

నిజమైన కొలమానం డీబీఎం. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని ‘అబౌట్ ఫోన్’ భాగంలో ‘సిమ్ స్టేటస్’ అన్నచోట ఈ అంకె కనిపిస్తుంది. అది రుణసంఖ్య, సున్నకు ఎంత దగ్గరగా ఉంటే సిగ్నల్ అంత బలమైనది. 4జిలో సుమారుగా −80 గాని అంతకంటె మెరుగు గాని ఉంటే ఉత్తమం, −90 మంచిది, −100 ఫరవాలేదు, −110 దాటితే మాట తెగడం మొదలవుతుంది, −120 వద్ద ఫోను ఉండీ లేనట్టే. ఈ అంకెలు మామూలు అంకెలవంటివి కావు. పది అంకెలు తగ్గితే శక్తి పదవ వంతుకు పడిపోతుంది. అనగా −80 కీ −110 కీ భేదం ముప్పై కాదు, వెయ్యి రెట్లు.

మరొక చిన్న గుర్తు కూడా ఉపయోగపడుతుంది. కొన్నిచోట్ల ఫోను మీద ‘ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ’ అన్న మాట కనిపిస్తుంది. మన సంస్థ సేవ అక్కడ దొరకలేదు గాని మరొక సంస్థ టవరు అందుతున్నదని ఆ మాటకు సాధారణమైన అర్థం. 112 వంటి ఆపత్కాల పిలుపును ఏ సంస్థ టవరైనా స్వీకరిస్తుంది. ఇంట్లో తరచుగా ఈ మాట కనిపిస్తూ ఉంటే లోపం ఆ చోటుది మాత్రమే కాదు, మన ఎంపికది కూడా అని గ్రహించాలి.

సిగ్నల్ నిండుగా ఉన్నా పని జరగనప్పుడు

రంజాన్ చివరి రోజుల రాత్రులలో మదీనా నుండి చార్మినారు దాకా బజారులో నిలబడి చూడండి. ఫోనులో గీతలు నిండుగా ఉంటాయి. ఒక్క ఫొటో పంపాలన్నా కదలదు. గణేశ్ నిమజ్జనం నాడు ట్యాంక్‌బండ్ మీద, నుమాయిష్ రోజులలో నాంపల్లి మైదానంలోనూ ఇదే అనుభవం. ఇక్కడ కొరవడినది సిగ్నల్ కాదు, స్థలం. రోడ్డు వెడల్పుగా, చదునుగా ఉన్నా బండ్లు కిక్కిరిస్తే కదలిక ఉండదు గదా! టవరు మోయగల భారానికి ఒక హద్దు ఉన్నది. దానిని అక్కడ ఉన్నవారందరూ పంచుకోవాలి. అందుచేత ఒక ప్రాంతంలో అందరూ మెచ్చుకొని ఒకే సంస్థను ఆశ్రయిస్తే, ఆ మెప్పే రాత్రివేళ దాని వేగాన్ని తగ్గించవచ్చు. పరీక్షించేవారు పగలు ఒకసారి చూసి ఊరుకోకుండా, అందరూ ఇళ్ళకు చేరిన రాత్రి తొమ్మిది, పది గంటల వేళ కూడా చూడాలని చెప్పడానికి కారణమిదే.

సంస్థల మధ్య ఉన్న భేదాలు

నేడు మనకు అందుబాటులో ఉన్నవి నాలుగు సంస్థలు: జియో, ఎయిర్‌టెల్, వి, ప్రభుత్వరంగంలోని బీఎస్‌ఎన్‌ఎల్. వోడాఫోన్, ఐడియా సంస్థలు 2018 ఆగస్టులో ఏకమైనాయి. 2020 నుండి ‘వి’ అన్న పేరు పెట్టుకున్నాయి. రాష్ట్రం 2014లో రెండైనప్పటికీ టెలికాం లైసెన్సుల లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సేవాప్రాంతం.

2016 సెప్టెంబరు 5న సేవలు ప్రారంభించిన జియోకు 2జి గాని 3జి గాని లేవు. మాట కూడా 4జి, 5జి మార్గాలలోనే పోవాలి. కాబట్టి ఇంట్లో పెద్దవారి వద్ద పాతకాలపు మీటల ఫోను ఉంటే, అందులో వోల్టీ సౌకర్యం లేకపోతే, జియో సిమ్ దానిలో పనిచేయదు. ఎయిర్‌టెల్, వి సంస్థలు మాటకోసం 2జి సేవను ఇంకా కొనసాగిస్తున్నాయి. 5జి సేవలు మన దేశంలో 2022 అక్టోబరు 1న ఆరంభమైనాయి. అంతకు ముందు జరిగిన వేలంలో గోడలను బాగా చొచ్చుకుపోగల 700 మెగాహెర్ట్జ్ తరంగాలను జియో ఒక్కటే కొనుగోలు చేసింది. బీఎస్‌ఎన్‌ఎల్ దేశీయ పరిజ్ఞానంతో నిర్మించుకున్న 4జిని 2025 సెప్టెంబరులో జాతికి అంకితం చేశారు.

ఈ వివరాలు చదివి ఎవరో ఒకరు గెలిచినారని తీర్మానించరాదు. మంచి తరంగం ఉన్న సంస్థకు మన వీధిలో టవరు లేకపోవచ్చు. సాధారణమైన తరంగం ఉన్న సంస్థ టవరు మన మేడ ఎదుటనే ఉండవచ్చు. అంతేకాక, సంస్థ ఏ తరంగాలను ప్రసారం చేస్తున్నదో వాటిని స్వీకరించే శక్తి మన ఫోనుకు ఉండాలి. చవకగా దొరికిందని విదేశంలో నుండి తెచ్చిన ఫోనులో ఇక్కడి తరంగాలలో కొన్ని పలకవు. అప్పుడు నింద సంస్థ మీద పడుతుంది, దోషం ఫోనులో ఉంటుంది.

పరీక్షించే విధానం

మరి ఎన్నుకోవడం ఎట్లా? మేము సూచించే పద్ధతి చాలా సామాన్యమైనది. ఒక కాగితం మీద మీ దినచర్యలోని ముఖ్యమైన స్థలాలను రాయండి: ఇంట్లో చదువుకునే చోటు, పడుకునే చోటు, కళాశాల తరగతి గది, గ్రంథాలయం, బస్సు లేక మెట్రో మార్గం, సాయంకాలం పనిచేసే దుకాణం ఉంటే అది. ఒక్కొక్క చోట ఉదయం, మధ్యాహ్నం, రాత్రి డీబీఎం అంకెను చూడండి. ఒక కాల్ చేసి మూడు నిమిషాలు మాట్లాడండి. ఒక సందేశం పంపి జవాబు ఎంత సేపటికి వచ్చిందో గమనించండి. తలుపులు మూసి చూడడం మరువకండి. ఇట్లా ఒక వారం రాస్తే చాలు, ప్రకటనలు చెప్పలేని సంగతి ఆ కాగితం చెబుతుంది.

పరీక్ష కోసం ప్రతివారూ కొత్త సిమ్‌లు కొననక్కరలేదు. తరగతిలో నాలుగు సంస్థల సిమ్‌లూ ఉన్న మిత్రులు ఉంటారు. వారిని ఒకరోజు ఇంటికి పిలవండి. ఇరుగుపొరుగువారిని అడగండి, పక్కింటివారి అనుభవం పత్రికా ప్రకటన కంటె విలువైనది. నిర్ణయానికి ముందు రెండవ సిమ్ పెట్టగల ఫోనులో చిన్న ప్లానుతో కొద్ది రోజులు వాడి చూడడం శ్రేష్ఠం. అయితే పరీక్ష ముగిసిన తరువాత అక్కరలేని సిమ్‌ను సంస్థకు తెలిపి మూసివేయించాలి. మన పేరు మీద ఉన్న ప్రతి సంఖ్యకూ బాధ్యత మనదే. మన పేరు మీద ఎన్ని సంఖ్యలు ఉన్నాయో ప్రభుత్వం 2023లో ప్రారంభించిన ‘సంచార్ సాథీ’లో చూసుకోవచ్చు.

ఇల్లు మారబోయేవారికి, హాస్టలులో చేరబోయేవారికి మరికొన్ని సాధనాలు ఉన్నాయి. 1997లో ఏర్పడిన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 నవంబరులో ఇచ్చిన ఆదేశం ప్రకారం ప్రతి సంస్థ తన సేవ ఎక్కడెక్కడ లభిస్తుందో తెలిపే పటాన్ని ప్రజలకు చూపాలి. ‘తరంగ్ సంచార్’ అనే ప్రభుత్వ పోర్టల్‌లో మన చుట్టూ ఏయే సంస్థల టవర్లు ఉన్నాయో కనిపిస్తుంది. ఇవి దారి చూపుతాయి. అయితే పటం చెప్పేది ప్రధానంగా వీధి సంగతి; గది సంగతి మనమే తెలుసుకోవాలి.

ఎవరి చోటులో కొలవాలి?

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయాన్ని విన్నవించదలచాము. మన ఇళ్ళలో సిమ్ తెచ్చేది సామాన్యంగా తండ్రి గాని అన్న గాని. వారు దుకాణం ముందు నిలబడి, వీధి అరుగు మీద కూర్చొని, “సిగ్నల్ బాగానే ఉన్నది” అని తీర్మానిస్తారు. వారికి బాగానే ఉంటుంది. వారి పొద్దంతా బయట గడుస్తుంది. ఆ ఇంటిలోనే చదువుకునే ఆడపిల్ల లోపలి గదిలో కూర్చుంటుంది. వయసు మళ్ళిన నానమ్మ ఇంకా లోపల మంచం మీద ఉంటుంది. తరగతి పాఠం వినవలసినది, ఓటీపీ అందుకోవలసినది, జెద్దా నుండి తండ్రి చేసే ఫోనుకోసం ఎదురుచూసేది ఆ లోపలి గదిలోనే. రాతి గోడలు అడ్డుకునేదీ ఆ గదినే. వీధిలో −85 ఉన్న అంకె ఆ గదికి చేరేసరికి −115 కావచ్చు.

ఆ పిల్ల రాత్రి పది గంటలకు సిగ్నల్ కోసం వీధిలోకి రాలేదు. మేడమీదికి వెళ్ళడానికి ఒక్కొక్క ఇంట అనుమతి అవసరం. ఆమె వెనుకబడినప్పుడు శ్రద్ధ లేదని అంటాము. సిగ్నల్ లేదన్న సంగతి ఎవరి దృష్టికీ రాదు. అందుచేత ఇంటికి సంస్థను ఎన్నుకునేటప్పుడు పాటించవలసిన మొదటి సూత్రం ఇది: అవసరం ఎక్కువగా ఉన్న మనిషి, సిగ్నల్ తక్కువగా ఉన్న చోట కూర్చొని చూడాలి. అక్కడ పనిచేసినది వీధిలో ఎట్లాగూ పనిచేస్తుంది. ఇంట్లో అందరికీ ఒకే సంస్థ ఉండాలన్న నియమం కూడా ఏదీ లేదు. అన్నకు ఒకటి, చెల్లెలికి ఒకటి అనుకూలిస్తే తప్పేమిటి? ఒకే ఇంటిలో రెండు సంస్థల సిమ్‌లు ఉండడం వల్ల, ఒకటి మొరాయించిన రోజున రెండవది ఆదుకుంటుంది.

సంఖ్య మార్చకుండా సంస్థను మార్చుకోవడం

“పాత నంబరు పోతుందేమో” అన్న భయంతో అనేకులు చెడ్డ సేవను సహిస్తున్నారు. ఈ భయానికి ఆధారం లేదు. సంఖ్యను అట్లాగే ఉంచుకొని సంస్థను మార్చుకునే హక్కు 2011 జనవరి 20 నుండి దేశమంతటా అమలులో ఉన్నది. 2015 జూలై నుండి ఒక సేవాప్రాంతం వదిలి మరొక ప్రాంతానికి పోయినా అదే సంఖ్యను నిలుపుకోవచ్చు.

విధానం సులభం. ‘పోర్ట్’ అన్న ఆంగ్లపదం, ఒక ఖాళీ, తరువాత మన పదంకెల సంఖ్య రాసి 1900కు సందేశం పంపాలి. ఎనిమిది అక్షరాంకాలు గల ఒక కోడ్ తిరిగి వస్తుంది. మన ప్రాంతంలో అది నాలుగు రోజులు చెల్లుతుంది. ఆ కోడ్‌తో, ఆధార్ వంటి గుర్తింపుపత్రంతో కొత్త సంస్థ దుకాణానికి వెళితే, అదే సేవాప్రాంతంలో మూడు పనిదినాలలో మార్పు పూర్తికావాలి. కొన్ని షరతులు ఉన్నాయి. ప్రస్తుత సంస్థలో కనీసం 90 రోజులు ఉండి ఉండాలి. పోస్ట్‌పెయిడ్ బాకీ ఉండరాదు. 2024 జూలై 1 నుండి వచ్చిన నియమం ప్రకారం, పోయిన సిమ్‌కు బదులుగా కొత్తది తీసుకొని ఏడు రోజులు కానివారికి కోడ్ లభించదు. పాత రీఛార్జిలో మిగిలినది కొత్త సంస్థకు రాదు కనుక ప్లాను ముగియవస్తున్న సమయంలో మారడం లాభదాయకం. దరఖాస్తుల గడువు, పరీక్షల వారం ఉన్నప్పుడు మాత్రం ఈ పని పెట్టుకోరాదు. మార్పిడి జరిగే కొద్ది గంటలు ఫోను మౌనంగా ఉంటుంది. ఒకసారి మారితే మళ్ళీ 90 రోజులు ఆగాలి. ముందుగా పరీక్షించి చూడమని మేము ఇంతగా చెప్పడానికి ఇదొక కారణం.

ఏ సంస్థా అందనప్పుడు

కొన్ని ఇళ్ళ లోపలి గదులకు ఏ సంస్థ సిగ్నల్ కూడా అందదు. అటువంటి ఇంటిలో తీగద్వారా వచ్చే ఇంటర్‌నెట్ ఉంటే వైఫై కాలింగ్ మంచి ఉపాయం. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులోను, జియో 2020 జనవరిలోను ఈ సౌకర్యం ప్రవేశపెట్టాయి. ఫోనులో అందుకు అనువైన ఏర్పాటు ఉంటే, టవరుతో నిమిత్తం లేకుండా మన మామూలు సంఖ్య నుండే మాట్లాడవచ్చు. బజారులో అమ్మే సిగ్నల్ బూస్టర్ల జోలికి మాత్రం పోరాదు. అనుమతి లేకుండా వాటిని పెట్టుకోవడం చట్టవిరుద్ధం. అవి మనకు మేలు చేసినట్లు కనిపిస్తూనే చుట్టుపక్కలవారందరి సిగ్నల్‌ను పాడుచేస్తాయి.

ఫిర్యాదు చేసుకొనే మార్గం కూడా ఉన్నది. మొదట సంస్థ వినియోగదారుల కేంద్రానికి తెలిపి ఫిర్యాదు సంఖ్యను రాసి ఉంచుకోవాలి. తృప్తి కలగకపోతే అదే సంస్థలోని అప్పీలు అధికారికి విన్నవించుకోవాలి. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదును విచారించదని గుర్తుంచుకోవాలి. ఒక్కరు చేసిన ఫిర్యాదు కంటె గల్లీలోని ఇరవై ఇళ్ళవారు కలిసి, ఏయే గదిలో ఏ అంకె కనిపిస్తున్నదో రాసి ఇచ్చిన అర్జీ బలమైనది.

మనవైపు నుండి కూడా కొంత సహకారం కావాలి. సిగ్నల్ లేదని వాపోయేవారే తమ వీధిలో టవరు పెట్టబోతే అడ్డుపడుతున్నారు. ఆరోగ్యం గురించిన ఆందోళన సహజమైనదే. అయితే టవర్ల తరంగశక్తికి అంతర్జాతీయంగా నిర్ణయించిన పరిమితిలో పదవ వంతును మాత్రమే మన దేశం 2012 సెప్టెంబరు 1 నుండి అనుమతిస్తున్నది. నియమాల ప్రకారం నిర్మించిన టవరును వదంతులకు భయపడి తరిమివేస్తే దూరపు టవరు కోసం మన చేతిలోని ఫోనే ఎక్కువ శక్తితో అరవవలసి వస్తుంది.

విద్యార్థి మిత్రులారా! ఈ విషయంలో మీకు ఎవరి సిఫారసూ అవసరం లేదు. ఒక కాగితం, ఒక కలం, వారం రోజుల ఓపిక చాలు. మా మిత్రులు చెప్పారనీ, ప్రకటనలో చూశామనీ సంస్థను ఎన్నుకోకండి. మీ గోడల మధ్య మీరే పరీక్షించి ఎన్నుకోండి. కళాశాల పాలకవర్గం వారికి కూడా ఒక మనవి. మన తరగతి గదులలో, గ్రంథాలయంలో, ముఖ్యంగా బాలికల విశ్రాంతి గదిలో ఏ సంస్థ సిగ్నల్ ఎంత ఉన్నదో విద్యార్థుల చేతనే కొలిపించి, ఆ పట్టికను ప్రకటన ఫలకం మీద ఉంచితే, కొత్తగా చేరేవారికి ఎంతో మేలు కలుగుతుంది. దరఖాస్తుల రోజులలో కార్యాలయంలోని ఇంటర్‌నెట్‌ను సాయంకాలం మరికొంత సేపు తెరిచి ఉంచితే, ఇంట సిగ్నల్ లేని పిల్లలకు అది ఆసరా అవుతుంది. అర్హత ఉన్న ఏ విద్యార్థినీ ఒక గోడ మందం వల్ల ఉపకారవేతనానికి దూరం కాకుండా చూడడం మనందరి బాధ్యత.